ఎన్నాళ్లీ కోత? జవాబు మొదటి బడ్జెట్‌లోనే ఉంటుంది

2022 ఏప్రిల్ ఆఖరు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపే మా మేనత్త కొడుకు నన్ను లోపల కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, వెంటనే అడిగిన మాట ఇదీ: "బావా, నువ్వు పేపర్లన్నీ చదువుతావు గదా, శ్రీలంక ఎన్నాళ్లకు లేస్తుందంటావు?" కొట్టు ముందు కొలంబో పోవాల్సిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మనిషెత్తున పేర్చి ఉన్నాయి. ఘాటుకు కళ్లు మండుతున్నాయి. అక్కడ సరుకు కొనే పార్టీతో పదిహేనేళ్ల పరిచయం, ఎప్పుడూ మాట తప్పలేదు. సరుకు కావాలంటున్నాడు, వాళ్ల రూపాయలు చేతిలో ఉన్నాయనీ అంటున్నాడు. కానీ బ్యాంకులో డాలర్లు లేవు, ఎల్‌సీ (సరుకు డబ్బుకు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరవడం కుదరడం లేదు. అంతకుముందు వెళ్లిన కంటైనర్ డబ్బు కూడా ఆగిపోయింది. ఇక ఈ టిక్కీలను ఏసీకి తోలాలి. కోల్డ్ స్టోరేజీని యార్డులో అందరూ ఏసీ అనే అంటారు. ఏసీ అద్దె, సరుకు మీద తెచ్చిన అప్పుకు వడ్డీ, పెదనందిపాడు రైతులకు ఇవ్వాల్సిన డబ్బు, మూడూ ఒకేసారి బావ మెడకు చుట్టుకున్నాయి.

"ఓ ఏడాదిలో సర్దుకుంటుందిలే బావా" అన్నాను. తప్పు చెప్పాను. అప్పటి నుంచి ఈ విషయం వెంటపడి చదువుతున్నాను. ఇప్పుడు నాకు ఒక సంగతి గట్టిగా అర్థమైంది. ఒక దేశం మాంద్యంలో ఎన్నాళ్లు ఉంటుందన్నది దాని నెత్తిన ఎంత అప్పుందన్న లెక్కతో తేలదు. ఖజానా ఖాళీ అయిన మొదటి ఏడాది పాలకులు కత్తెర ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి తేలుతుంది. కాలవ, గట్టు, బడి, ఆసుపత్రి మీద పెట్టారా, పదేళ్లకు తక్కువ కాదు. వాటిని కాపాడుకుని మిగతా చోట సర్దుకున్నారా, రెండు మూడేళ్లలో బయటపడొచ్చు.

శ్రీలంక ఎలా పడిందో మళ్లీ చెప్పనక్కర్లేదు. 2019లో పన్నులు తగ్గించడం, కొవిడ్‌తో టూరిస్టులు రాకపోవడం, 2021లో రసాయన ఎరువుల నిషేధం, 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పు కట్టలేమని చేతులెత్తేయడం, జూలై 9న జనం అధ్యక్షుడి భవనంలోకి దూసుకుపోవడం, అన్నీ టీవీల్లో చూశాం. ఆ తర్వాత కెమెరాలు వెళ్లిపోయాయి. నేను మాట్లాడేది ఆ తర్వాతి సంగతి. 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) దాదాపు 300 కోట్ల డాలర్ల సాయానికి ఒప్పుకుంది, నాలుగేళ్ల కార్యక్రమం. అప్పటికే 8 శాతం ఉన్న వ్యాట్‌ను 15 చేశారు, 2024 జనవరి నుంచి 18 చేశారు. కరెంటు చార్జీలు 2022 ఆగస్టులో సగటున 75 శాతం, ఆరు నెలలకు మరో 66 శాతం పెంచారు. పెట్రోలు రేషన్‌కు క్యూఆర్ కోడ్ పెట్టిన మొదట్లో ఆటోకు వారానికి 5 లీటర్లు. మన విజయవాడ ఆటో బస్టాండు, బెంజి సర్కిల్, ఆటోనగర్ అంటూ పొద్దుటి నుంచి రాత్రి దాకా తిరిగితే ఒక్క రోజుకు దాదాపు అంత కావాలి. వారంలో ఒక రోజు పనిచేసి ఆరు రోజులు ఇంట్లో కూర్చోమన్నట్టే గదా.

ఇప్పుడు లంక లేచి నిలబడిందని రాస్తున్నారు. 2022 సెప్టెంబరులో 70 శాతానికి చేరిన ధరల పెరుగుదల మరుసటి ఏడాది మధ్యకే పది లోపుకు దిగింది. 2024లో ఆర్థిక వ్యవస్థ 5 శాతం పెరిగింది. ఈ అంకెలు నిజమే. కానీ ప్రపంచ బ్యాంకు లెక్కలోనే పేదరికం 2021లో 13 శాతం ఉన్నది 25 శాతానికి చేరింది. నలుగురిలో ఒకరు. పడిపోయిన చోటు నుంచి 5 శాతం పైకి రావడానికి, పడకముందు ఉన్న చోటుకు చేరడానికి మధ్య చాలా దూరం ఉంది.

ఎన్నాళ్లు అన్న ప్రశ్నకు కాగితాల మీద రాసి ఉన్న జవాబు ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్ద అక్షరాల్లో వేయలేదు. ఐఎంఎఫ్ పెట్టిన లక్ష్యం ప్రకారం శ్రీలంక తన అప్పును జీడీపీలో (దేశం ఏడాది మొత్తం ఆదాయంలో) 95 శాతం కంటే కిందికి తేవాల్సిన గడువు 2032. అందుకోసం 2025 నుంచి ఏటా జీడీపీలో 2.3 శాతం ప్రాథమిక మిగులు చూపించాలి. వడ్డీల సంగతి పక్కనపెట్టి, జనం దగ్గర పన్నుగా తీసుకున్న దానికంటే జనం మీద పెట్టే ఖర్చు అంత తక్కువ ఉండాలన్నమాట. 2022లో మొదలైంది, 2032 దాకా లెక్క రాసి పెట్టారు. ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్ల పదకొండో తరగతికి వచ్చేదాకా. గ్రీసు కథ ఇంకా ఘోరం. 2018లో ఆ దేశం అప్పు సాయం (బెయిలౌట్) కార్యక్రమం నుంచి బయటపడిందని యూరప్ నాయకులు పండగ చేసుకున్నారు. ఆ వేసవి ఒప్పందంలోనే 2022 దాకా ఏటా 3.5 శాతం, ఆ తర్వాత 2060 దాకా సగటున 2.2 శాతం మిగులు చూపించాలని రాసుకున్నారు. 2060! ఆ సంతకాలు పెట్టినవాళ్లలో చాలామంది అప్పటికి ఉండరు.

ఇక్కడ మన పత్రికల మీద నాకో ఫిర్యాదు ఉంది. ఇలాంటి బడ్జెట్‌లకు మనం "పొదుపు చర్యలు" అని పేరు పెట్టాం. పొదుపు మంచి మాట. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచి పొదుపు లక్ష్మి సంఘాలు కట్టుకున్నారు. అందులో దాచిన రూపాయి దాచిన మనిషిదే. ఆపద వస్తే తిరిగి వస్తుంది, కూతురు పెళ్లికో గేదెను కొనుక్కోవడానికో అక్కరకొస్తుంది. ఆసుపత్రిలో నర్సు పోస్టు తీసేస్తే ఏ రూపాయి ఎవరి పేరున దాచినట్టు? అది అప్పులవాడికి వెళ్లిపోతుంది. దాన్ని కోత అనాలి. పొదుపు అన్న మాట వాడినంత కాలం చదివేవాళ్లకు ఇంటావిడ కొంగు ముడి గుర్తొస్తుంది, మంచి పనే చేస్తున్నారు పాపం అనిపిస్తుంది. ఈ వ్యాసంలో నేను కోత అనే రాస్తాను.

గ్రీసులో కోత మొదలైనప్పుడు కూడా కొద్ది కాలమే అన్నారు. 2010 మేలో 11,000 కోట్ల యూరోల ప్యాకేజీ ఇస్తూ, రెండేళ్లు కష్టపడితే 2012 నుంచి ఆర్థిక వ్యవస్థ పెరుగుతుందని ఐఎంఎఫ్ అంచనా వేసింది. పింఛన్లు తగ్గించారు, జీతాలు తగ్గించారు, ఆసుపత్రుల బడ్జెట్లు తగ్గించారు. 2012 వచ్చింది, రెండో ప్యాకేజీ కావాల్సి వచ్చింది. 2013లో నూటికి 27 మందికి పని లేదు. కుర్రకారులో అయితే సగానికి పైగా. 2015లో మూడోది. బ్యాంకులు మూసి, ఏటీఎంలో రోజుకు 60 యూరోలకు మించి ఇవ్వని రోజులూ చూశారు. దేశ ఆదాయంలో నాలుగో వంతు కరిగిపోయింది. 2024 నాటికి కూడా 2008లో ఉన్న స్థాయికి చేరలేదు. ఇంత చేసి అప్పు తగ్గిందా అంటే, 2009లో జీడీపీలో 127 శాతం ఉన్నది 2018 నాటికి 180 దాటింది. అప్పు అంతే ఉండి ఆదాయం కుంచించుకుపోతే, ఆ నిష్పత్తి పెరగక ఏం చేస్తుంది?

ఇది విమర్శకులు చెప్పిన మాట మాత్రమే కాదు. 2013 జనవరిలో ఐఎంఎఫ్ ప్రధాన ఆర్థికవేత్తగా ఉన్న ఒలివియే బ్లాంషార్, ఆయన సహోద్యోగి డానియెల్ లీ లెక్కలు వేసి, తమ వాళ్ల అంచనాల్లో పొరపాటు ఎక్కడుందో బయటపెట్టారు. ప్రభుత్వం ఒక రూపాయి ఖర్చు తగ్గిస్తే దేశ ఆదాయం అర్ధ రూపాయి దాకా తగ్గుతుందని అనుకుని ప్రణాళికలు వేశారు. మాంద్యంలో ఉన్న దేశాల్లో నిజంగా తగ్గింది రూపాయికి పైన. ఈ లెక్కనే గుణకం అంటారు. ఒక తప్పు గుణకం మీద ఒక దేశంలో ఒక తరం మొత్తం నడిచింది.

ఆ గుణకాన్ని నేను పుస్తకంలో కంటే ముందు విజయవాడ సింగ్ నగర్‌లో ఒక కిరాణా కొట్లో చూశాను. ప్రభుత్వ జీతాలు ఒకటో తారీఖు దాటి నెల మధ్యకు జారిపోతున్న రోజులవి. కొట్టు నడిపే పెద్దావిడను నేను పిన్నిగారూ అంటాను. ఎర్ర అట్ట ఖాతా పుస్తకం ముందుకు తోసి "చూడు బాబూ, నువ్వే చూడు" అంది. ఒక పేజీలో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి కుటుంబం లెక్క. ఏడాది కిందటి పేజీలో కందిపప్పు రెండు కిలోలు, నూనె ప్యాకెట్లు నాలుగు, పిల్లల బిస్కెట్లు, సబ్బులు ఒక కట్ట. ఆ నెల పేజీలో కందిపప్పు పావు, మళ్లీ పావు, మళ్లీ పావు. నూనె అర లీటరు. బిస్కెట్లు లేవు. సబ్బు ఒకటి. కింద "బాకీ" అని రాసి, దాని మీద గీత కొట్టి, మళ్లీ బాకీ అని రాసింది. "వాళ్లు ఇవ్వకపోతే నేను హోల్‌సేల్ వాడికి ఇవ్వలేను, నేను ఇవ్వకపోతే వాడు నాకు సరుకు వేయడు. కొట్లో సాయం చేసే కుర్రాణ్ణి పోయిన వారం మానిపించాను" అంది. ఆ కుర్రాడు ఎక్కడ టిఫిన్ తినేవాడో, ఆ బండివాడికి ఒక ప్లేటు ఇడ్లీ తగ్గింది. ఖజానాలో ఒక రూపాయి ఆగితే ఊళ్లో ఎన్ని రూపాయలు ఆగుతాయో ఆ పేజీ చదివితే చాలు.

కోత తప్పదనే అవతలి వాళ్ల వాదన కూడా చెబుతాను. అప్పు చేసి పప్పు కూడు తింటే ఎప్పటికైనా కట్టాల్సిందే, సోకులకు పోయి దివాలా తీసినవాళ్లు నడుం బిగించక తప్పదు, 1991లో మన దేశం అదే చేసి బాగుపడలేదా అంటారు. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు కూడా సరిపోని స్థితిలో పీవీ నరసింహారావు ప్రధాని అయ్యారు. 47 టన్నుల బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టారు, రూపాయి విలువ తగ్గించారు, జూలై 24న మన్మోహన్ సింగ్ కఠినమైన బడ్జెట్ పెట్టారు. ఆ ఏడాది ఒకటిన్నర శాతం లోపే పెరిగిన ఆర్థిక వ్యవస్థ మరుసటి ఏడాదికే 5 శాతం దాటింది.

1991ను ఉదాహరణగా చూపేవాళ్లు దాన్ని సగమే చదివారు. ఆ బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచితే రైతులు, సొంత పార్టీ ఎంపీలు కూడా ఒప్పుకోలేదు. రెండు వారాలు తిరగకుండా 30 శాతానికి దించారు, చిన్న రైతులకు మినహాయింపు ఇస్తామన్నారు. పీవీ కోతను ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి. 1993-94 వచ్చేసరికి లోటు మళ్లీ జీడీపీలో 7 శాతం దగ్గరకు పెరిగింది, ఆకాశం ఏమీ విరిగి పడలేదు. ఇంకో సంగతి, మనకు అప్పుడు కరువైంది డాలర్లు. పొలాలు పండుతున్నాయి, ఫ్యాక్టరీలు నిలబడే ఉన్నాయి. అందుకే త్వరగా లేచాం. ఆ దశాబ్దంలో నిజంగా కోత పడిన చోటు ఒకటుంది, సాగునీరు, వ్యవసాయం మీద ప్రభుత్వ పెట్టుబడి. దాని బిల్లు ఢిల్లీకి రాలేదు. 1990ల చివర్లో వరంగల్‌లో, మన గుంటూరు జిల్లాలో పత్తి రైతులు పురుగుల మందు తాగి కట్టారు. త్వరగా లేచిన దేశంలో కూడా, కోత పడిన చోట మాత్రం ఎవరూ లేవలేదు.

అప్పు చేసి పప్పు కూడు అన్న సామెత ఇంటికి వర్తిస్తుంది. నేను కాఫీ మానేస్తే నా జీతం తగ్గదు. దేశమంతా ఒకేసారి కాఫీ మానేస్తే హోటలువాడి జీతం, పాలవాడి జీతం పోతాయి, వాళ్లు నా పత్రిక కొనడం మానేస్తారు. కష్టం వచ్చినప్పుడు మన రైతు ఏం చేస్తాడు? పండగకు బట్టలు మానేస్తాడు, నగలు తాకట్టు పెడతాడు, పెళ్లి వాయిదా వేస్తాడు. విత్తనాల గాదె జోలికి మాత్రం పోడు. విత్తనం వండుకు తిన్నవాడికి వచ్చే ఏడాదీ కరువే. ఏ ఖర్చు పప్పు కూడో, ఏ ఖర్చు విత్తనమో తెలియని ఆర్థికమంత్రి చేతిలో కత్తెర పెడితే, ముందు విత్తనమే పోతుంది. ఎందుకంటే కాలవ గట్టు ధర్నా చేయదు. ఉద్యోగులు చేస్తారు, పింఛన్‌దారులు చేస్తారు, వడ్డీ ఆగితే విదేశీ బ్యాంకులు కేసు వేస్తాయి. పూడిక తీయని కాలవ మాట్లాడదు.

శ్రీలంకలో కత్తెర ఎవరి మీద పడిందో చూడండి. 2023లో దేశీయ అప్పు సర్దుబాటు చేసినప్పుడు బ్యాంకుల దగ్గరున్న బాండ్లను వదిలేశారు. ఉద్యోగుల పీఎఫ్ నిధి దగ్గరున్న బాండ్లను మాత్రం ఎక్కువ గడువున్న కొత్త బాండ్లుగా మార్పించారు. వాటి మీద వడ్డీ 2025 దాకా 12 శాతం, ఆ తర్వాత 9 శాతం. తేయాకు తోటలో, బట్టల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి దాచుకున్న డబ్బది. ధరలు 70 శాతం పెరిగిన ఏడాది ఆ నిధి విలువ ముందే సగానికి కరిగినంత పనైంది, దాని మీద మళ్లీ ఇది. మన పీఎఫ్ ఖాతాలో ఎవరైనా ఇలా చేయి పెడితే ఆటోనగర్‌లో ఒక్క లేత్ మిషన్ తిరగదు. రిటైరయ్యే మనిషి చేతికి వచ్చే డబ్బు తగ్గితే, ఆయన మనవడి చదువు దగ్గర, ఇంటి రిపేరు దగ్గర ఖర్చు తగ్గుతుంది. అది 2023లో మొదలై పాతికేళ్లు సాగుతుంది. ఏ ఐఎంఎఫ్ పట్టికలోనూ ఆ వరుస ఉండదు.

ఇదంతా పరాయి దేశాల కథ అనుకునేవాళ్లకు గుంటూరు జిల్లా కథే చెప్పాలి. 1832-33, నందన నామ సంవత్సరం. నందన కరువు, డొక్కల కరువు, గుంటూరు కరువు, ఏ పేరుతో పిలిచినా అదే. అయిదు లక్షల మంది ఉన్న జిల్లాలో రెండు లక్షల మంది దాకా పోయారని అప్పటి అంచనా. మద్రాసు వైపు నడిచిపోతూ దారి పొడవునా కూలిపోయారు. కృష్ణా నది పక్కనే పారుతోంది. నీళ్లు లేక చచ్చిన జిల్లా కాదది, ఉన్న నీటిని పొలానికి మళ్లించే కట్ట లేక చచ్చిన జిల్లా. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టొచ్చన్న ఆలోచన పద్దెనిమిదో శతాబ్దం చివర్లోనే వచ్చింది. ఈస్టిండియా కంపెనీ దొరలకు ఖర్చు ఎక్కువనిపించింది. లండన్‌లో కూర్చున్న డైరెక్టర్లకు మిగులు కావాలి. కరువు తర్వాత కూడా వెంటనే కదల్లేదు. శిస్తు బకాయిలు పేరుకుపోయాయి, జమీందారులు కట్టలేక ఎస్టేట్లు కంపెనీ చేతికి పోయాయి, పొలాలు బీడు పడ్డాయి. దాన్ని ఈ రోజు భాషలో చెప్పాలంటే మిగులు బడ్జెట్ కోసం పెట్టుబడిని కోసిన దేశంలో వచ్చిన దీర్ఘకాల మాంద్యం.

ఆ మాంద్యం ఎన్నాళ్లు సాగింది? కట్ట కట్టేదాకా. 1844లో కంపెనీ అధికారి హెన్రీ మాంట్‌గోమరీ రాజమండ్రి జిల్లా దుస్థితి మీద నివేదిక ఇచ్చి, నీటిపారుదల మీద ఖర్చు పెడితేనే ఈ జిల్లాలు బతుకుతాయన్నాడు. ఆర్థర్ కాటన్ 1847లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టాడు. 1852లో అది పూర్తయిన ఏడాదే కెప్టెన్ చార్లెస్ ఓర్ చేతుల మీదుగా బెజవాడ ఆనకట్ట మొదలైంది, మూడేళ్లలో 1855కి పూర్తయింది. సీతానగరం కొండకూ ఇంద్రకీలాద్రికీ మధ్య ఆ రాళ్ల కట్ట. లెక్క చూడండి. చేతులు ముడుచుకుని కూర్చున్నది దాదాపు ఇరవై ఏళ్లు. కట్టడానికి పట్టింది మూడేళ్లు.

ఆ ఖర్చు ఏమిచ్చిందో ఇంకో ఇరవై ఏళ్లకు తెలిసింది. 1876-78 ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చనిపోయారు. కర్నూలు, బళ్లారి, కడప గుల్లయ్యాయి. ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. ఖజానా మిగలాలి, అదీ ఆయనకు అప్పజెప్పిన పని. అలాంటి కరువులో కృష్ణా, గోదావరి డెల్టాలు నిలబడ్డాయి, పక్క జిల్లాలకు బియ్యం పంపాయి. నలభై ఏళ్ల కింద జనం రాలిపోయిన నేల అది. మధ్యలో మారింది ఒక కట్ట, కొన్ని కాలవలు. ఈ రోజు ప్రకాశం బ్యారేజీ కింద 13 లక్షల ఎకరాలు సాగవుతుంటే, ఆ కట్ట "భరించలేని ఖర్చు" అని ఫైలు వెనక్కి పంపిన గుమాస్తాల పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా?

ఈ పాఠం మనమే మరిచిపోయాం, అందుకే నాకు కోపం. మన దగ్గర ఐఎంఎఫ్ లేదు, దివాలా లేదు. అయినా ఏ ప్రభుత్వం వచ్చినా మొదటి కత్తెర నీటిపారుదల నిర్వహణ పద్దు మీదే. గేట్లకు గ్రీజు, రోప్‌ల మార్పిడి, పూడికతీత, గుర్రపుడెక్క, తూటికాడ తొలగింపు, వేసవిలో చేయాల్సిన ఈ పనులు చేసిన చిన్న కాంట్రాక్టర్లు బిల్లుల కోసం ఏళ్లు తిరుగుతారు, మరుసటి ఏడాది టెండర్ వేయరు. 2021 ఆగస్టులో పులిచింతల గేటు కొట్టుకుపోయింది, మరమ్మతు కోసం నిండిన ప్రాజెక్టును ఖాళీ చేసి నీళ్లు సముద్రానికి వదిలాం. 2022లో గుండ్లకమ్మ గేటు. 2024 ఆగస్టులో కర్ణాటకలో తుంగభద్ర గేటు. ఒక్కోదానికి ఒక్కో సాంకేతిక కారణం చెబుతారు. నాకు కనిపించేది మాత్రం ఒకటే వరుస.

తర్వాత నెల విజయవాడ పక్కన పారే బుడమేరు వాగు. 2024 సెప్టెంబరు 1న తెల్లారేసరికి సింగ్ నగర్ నీళ్లలో ఉంది. డైవర్షన్ కాలవకు గండ్లు పడ్డాయి, పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. అటు బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద. ఆ డైవర్షన్ కాలవ విస్తరణ పనులు ఏళ్ల తరబడి పూర్తికాకుండా పడి ఉన్నాయని ఈ ఊళ్లో ఎవరికి తెలియదు? నీళ్లు తీశాక నేను పిన్నిగారి కొట్టుకు వెళ్లాను. గోడ మీద నా ఛాతీ ఎత్తున బురద గీత. పప్పుల డబ్బాలు వీధిలో బోర్లించి ఉన్నాయి. ఎర్ర అట్ట ఖాతా పుస్తకం ఎండలో పెట్టింది. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దయ్యాయి, సిరా మొత్తం నీలంగా పాకింది. ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఇక ఎవరికీ తెలియదు. "అడిగితే ఇచ్చేవాళ్లు ఇస్తారు బాబూ, లేనివాళ్లను ఏం అడుగుతాం, వాళ్ల ఇళ్లూ మునిగాయి గదా" అంది. గట్టు పని వాయిదా వేసి ఖజానా మిగుల్చుకున్న డబ్బు ఆ వీధిలో ఒక్క పూటలో పోయింది. సాయంగా ప్రభుత్వం పంచింది దానికి అదనం.

శ్రీలంకకూ అలాంటి పరీక్షే వచ్చింది. 2025 నవంబరులో దిత్వా తుఫాను ఆ ద్వీపాన్ని ముంచేసింది. వందల మంది చనిపోయారు, కొండ ప్రాంతాల్లో ఇళ్ల మీద చరియలు పడ్డాయి, రోడ్లు, వంతెనలు, చెరువు గట్లు తెగాయి. గట్లు తిరిగి కట్టాలంటే ఇప్పుడు, ఈ ఏడాదే ఖర్చు పెట్టాలి. మిగులు లక్ష్యం 2.3 శాతం దగ్గరే కదలకుండా ఉంటే ఆ డబ్బు ఇంకో బడి నుంచో ఆసుపత్రి నుంచో రావాలి. అప్పిచ్చినవాళ్లు ఆ లక్ష్యాన్ని కొన్నేళ్లు సడలించి, గట్లకు, రోడ్లకు అయ్యే ఖర్చును ఆ లెక్కలోంచి తీసేస్తే లంక 2032 కంటే ముందే తేరుకుంటుందని నా నమ్మకం. సడలించకపోతే 2032 కూడా ఆశే. మన దేశం 2022లో దాదాపు 400 కోట్ల డాలర్ల మేర ఆదుకుంది, మంచి పని చేసింది. అప్పులిచ్చిన దేశాలు కూర్చునే బల్ల దగ్గర ఢిల్లీకి కుర్చీ ఉంది. అక్కడ ఈ మాట అడగాల్సింది మనమే. నందన కరువు చూసిన జిల్లాల నుంచి వెళ్లిన ఎంపీలు ఢిల్లీ చేత అడిగించాలి.

మొన్న యార్డులో బావ మళ్లీ అదే ప్రశ్న వేశాడు. ఈసారి ఆలోచించి చెప్పాను: "వాళ్ల బడ్జెట్ వచ్చినప్పుడు పన్నుల పేజీ వదిలెయ్. చెరువులు, రోడ్లు, ఎరువుల మీద ఎంత పెట్టారో చూడు. అది పెరిగిన ఏడాది నుంచి రెండేళ్లు లెక్కేసుకో." బావ తలూపి, కొలంబో పార్టీ పేరున్న ఫైలు తీసి చూపించాడు. ఆ మనిషి బాకీ మొత్తం తీర్చేశాడు, కాకపోతే వాయిదాల్లో, రెండేళ్లు పట్టింది. ఒకప్పుడు నెలకు రెండు కంటైనర్లు తీసుకునేవాడు, ఇప్పుడు రెండు నెలలకు ఒకటి. "అక్కడ జనం కూరలో కారం తగ్గించేశారంట బావా" అన్నాడు. అప్పు గడువు నలభై అయిదు రోజులు ఉండేది, దాన్ని కొట్టేసి బావ తన చేత్తో పక్కన రాసుకున్న అంకె పదిహేను.